తిరిగి చదివించొద్దూ?

అమెరికాలో ఇంటికొచ్చే పోస్టులో చదవాల్సినవి తక్కువ, చింపాల్సినవి ఎక్కువ. కరెంటు బిల్లు నుంచి పెళ్లి శుభలేఖ దాకా పనికొచ్చేవన్నీ ఫోన్లోకి వెళ్లిపోయాయి. డబ్బాలో మిగిలినవి పిజ్జా కూపన్లు, చూరు గట్టర్లు కడిగేవాళ్ల కార్డులు, క్రెడిట్ కార్డు ముందే మంజూరైపోయిందని శుభాకాంక్షలు చెప్పే కవర్లు, పేరుతో పనిలేకుండా ‘ప్రస్తుతం ఈ ఇంట్లో ఉంటున్నవారికి’ అని అచ్చేసిన కరపత్రాలు. వాటన్నిటికంటే లావుగా, విరాళాల విజ్ఞప్తులు. న్యూజెర్సీలో మా డబ్బాకీ రీసైక్లింగ్ తొట్టికీ మధ్య పది అడుగులుంటుంది. ఆ పది అడుగుల్లోనే అన్నిటి సంగతీ తేల్చేసి, ఒక్కదాన్నీ గడప దాటనిచ్చేవాణ్ణి కాదు.

మా నాన్నగారు వచ్చారు, ఆ ఏర్పాటు కూలింది.

ఆయన తెనాలి దగ్గర సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరైన మనిషి. వచ్చిన ఉత్తరం విప్పకుండా పారెయ్యడం ఆయన దృష్టిలో వచ్చిన చుట్టానికి మంచినీళ్లివ్వకపోవడం కంటే ఘోరం. మొదటి వారమంతా ఇక్కడి తపాలా శాఖని మెచ్చుకోవడంతో సరిపోయింది. బండి దిగకుండానే డబ్బాలు అందేలా పోస్టు బండికి స్టీరింగు కుడివైపున ఉండటం, మనం పంపే ఉత్తరం డబ్బాలో పెట్టి ఎర్ర జెండా ఎత్తితే పోస్టాయనే తీసుకుపోవడం చూసి, ‘ఈ బుద్ధి మా సూపరింటెండెంటుకి ఎందుకు పుట్టలేదురా’ అని బాధపడ్డారు. రెండో వారం నుంచి కవర్లు విప్పడం మొదలుపెట్టారు.

మొదటి కవర్లో ఒక గాడిద ఫొటో ఉంది. దాన్ని ఎవరో బాగా కొట్టి వదిలేశారట, వీళ్లు తెచ్చి సాకుతున్నారట. కింద చేత్తో రాసినట్టు కనిపించే నీలి అక్షరాల్లో సంతకం. కాగితానికి అయిదు సెంట్ల నాణెం అంటించి ఉంది. ఇంకో కవర్లో మా పేరూ అడ్రసూ అచ్చేసిన స్టిక్కర్లు, అంచున పువ్వులతో. మరోదాంట్లో క్యాలెండరు, గ్రీటింగు కార్డులు, ఒక పెన్ను. నాన్నగారు అన్నీ భోజనాల బల్ల మీద పరిచి, కళ్లజోడు సర్దుకుని, ‘ఒరేయ్, వీళ్లు మనకి చదివించారు. మనం తిరిగి చదివించొద్దూ?’ అన్నారు.

పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో పద్దు రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యం వచ్చేదాకా ఆ బరువు మోసే జాతి మనది. ఈ సంగతి అమెరికా ధర్మసంస్థలకి ఎవరు చెప్పారో గాని, వాళ్ల వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది. రాబర్ట్ చియాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన ‘ఇన్‌ఫ్లుయెన్స్’ పుస్తకంలో గాయపడ్డ మాజీ సైనికుల సంస్థ లెక్క ఒకటి ఇచ్చాడు. ఉత్త ఉత్తరం పంపితే నూటికి 18 మంది డబ్బు పంపేవారట. అందులో పేరు స్టిక్కర్లు పెడితే 35 మంది. అంటే ఆ స్టిక్కర్లు అంటించుకోవడానికి కాదు, మన మనసుకి అంటుకోవడానికి.

నేను చట్టం చెప్పాను. అడక్కుండా పోస్టులో పంపిన వస్తువుని కానుకగా ఉంచేసుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు, అది ఈ దేశపు ఫెడరల్ చట్టం అన్నాను.

‘చట్టం ఎవడడిగాడు? మర్యాద అడుగుతున్నాను’ అన్నారు.

వినాయక చవితి కుర్రాళ్లతో అయితే గుమ్మం దగ్గరే బేరమాడొచ్చు. వెయ్యి నూటపదహార్లు అంటారు, నూటపదహార్లు చేతిలో పెడితే రసీదు చింపి, జై బోలో అనుకుంటూ పక్కింటికి వెళ్తారు, ఏడాది దాకా కనపడరు. ఇక్కడ కాగితం మీద గళ్లుంటాయి: 15, 25, 50, ‘ఇతరం’. నాన్నగారు ‘ఇతరం’ దగ్గర ఆగి, పదికి ఒకటి కలిపి పదకొండు డాలర్లు వేశారు. పేరు ఆయనది, చెక్కు నాది.

పద్దు అక్కడితో చెల్లిపోయిందనుకున్నారు పాపం. ఇక్కడ ఒకసారి ఇచ్చినవాడి పేరు బంగారం. ఆ పేర్ల జాబితాల్ని సంస్థలు ఒకదానికొకటి మార్చుకుంటాయి, అద్దెకిస్తాయి. గాడిదల వెనక గుర్రాలొచ్చాయి, గుర్రాల వెనక తోడేళ్లు, డేగలు, తిమింగలాలు. ఎవరు ఎవరికి చెప్పారో కనిపెట్టాలని నాన్నగారికి డిపార్ట్‌మెంటల్ ఎంక్వయిరీ ఉత్సాహం వచ్చింది. మూడు ఇనిషియల్సు, నాలుగు దేవుళ్ల పేర్లు ఉన్న తెలుగువాడికి ఇదెంత పని! గాడిదలకి ‘ఎస్’ అని రాశారు, కళ్ల ఆసుపత్రికి ‘వి’, అడవులవాళ్లకి ‘కె’. నెల తిరక్కుండా ‘కె’ పేరు మీద తాబేళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. ‘దొరికారు! అడవులవాళ్లే’ అని ఆయన మురిసిపోయారు. అమ్మ మాత్రం, ‘ముగ్గురు మొగుళ్లకి ఉత్తరాలొస్తున్నాయి, ఒక్కడూ కూరలు తేడు’ అంది.

డబ్బా తలుపు మూతపడనప్పుడు ఆపడం గురించి ఆలోచించాం. క్రెడిట్ కార్డు కవర్లని ఫోన్ చేసి అయిదేళ్లు ఆపొచ్చు. శాశ్వతంగా ఆపాలంటే మాత్రం సంతకం పెట్టిన ఫారం పోస్టులోనే పంపాలి. ఆ నియమం నాన్నగారికి నచ్చింది. ప్రకటనల సంఘంవాళ్లకి కొంత ఫీజు కట్టి, పదేళ్లు వద్దని పేరు రాయించుకోవచ్చు. కానీ మనం ఇప్పటికే డబ్బిచ్చినవాళ్లకి అది వర్తించదు.

విరాళాలవాళ్లకి ఆయన తనకి తెలిసిన మందే వేశారు. కవరు మీద ‘రిఫ్యూజ్డ్’ అని రాసి, పొడి సంతకం, తేదీ వేసి జెండా ఎత్తారు. రాయితీ రేటు మీద గంపగుత్తగా వచ్చే ఉత్తరాలు, వెనక్కి పంపమని కవరు మీద ముందే అచ్చేసి ఉంటే తప్ప వెనక్కి పోవనీ, పోస్టాఫీసే పారేస్తుందనీ నేను చెప్పాల్సి వచ్చింది.

‘పోస్టాఫీసా? ఉత్తరాన్నా?’ అన్నారు. ఆ రాత్రి మారు వడ్డించుకోలేదు.

వీధి చివర ఉండే పెద్దాయన ఇంకో ఉపాయం చెప్పాడు. స్టాంపు అక్కర్లేని జవాబు కవర్లకి, అవి తిరిగి వెళ్తేనే ఆ సంస్థ డబ్బు కడుతుంది. కాబట్టి దాన్నొక ఇటుకకి అంటించి పంపెయ్యమన్నాడు. ఇది కొత్త ఆలోచనేం కాదు. తపాలా శాఖ రూల్సు పుస్తకంలో, జవాబు కవరుని అలా దేనికైనా అంటించి పంపితే చెత్తగా పరిగణించవచ్చని రాశారు. ఆ వాక్యం పుట్టడానికి ముందు ఎన్ని ఇటుకలొచ్చి ఉండాలి!

చివరికి నేను ఫారం 1500 తెచ్చాను. ఇది అశ్లీల ప్రకటనల్ని ఆపడానికి పెట్టింది. ఏది కామోద్రేకం కలిగిస్తుందో తేల్చే అధికారం పూర్తిగా ఇంటాయనదే. 1970లో రోవన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆఖరికి బట్టల క్యాటలాగునైనా ఆయన ఇలా ఆపించవచ్చని చెప్పింది. సంతకం పెడితే చాలు. నాన్నగారు ఫారం రెండుసార్లు చదివారు.

‘గాడిద ఫొటో చూస్తే నాకు ఇలాంటి ఆలోచనలొస్తున్నాయని ప్రభుత్వానికి రాసివ్వాలా? జన్మంతా ముద్ర కొట్టిన చెయ్యిరా ఇది!’

‘పెట్టండి, పెట్టండి. ఇక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లెవరున్నారు గనక’ అంది అమ్మ వంటింట్లోంచి.

పెట్టలేదు. వాళ్లు ఇండియా వెళ్లిపోయారు, ఉత్తరాలు మాత్రం ‘మమ్మల్ని మరిచిపోయారా?’ అని ముగ్గురికీ వస్తూనే ఉన్నాయి. ఈ మధ్య ఫోన్లో చెప్పాను: చనిపోయినవాళ్ల పేర్లు తీసెయ్యడానికి కూడా ఒక జాబితా ఉందట, ఊరికే అంటున్నాను లెండి, అని. బతికుండగా తద్దినం పెడతావా అని తిడతారనుకున్నాను. కాసేపు ఆలోచించారు.

‘‘కె’ పోయాడని రాసెయ్. ‘వి’ సంగతి నీ ఇష్టం. గాడిదలవాళ్లు మర్యాదస్తులురా, వాళ్ల దగ్గర మాత్రం నన్ను బతకనీ.’