మెదడు మీద ట్యూబ్‌లైటు

మా కృష్ణా డెల్టాలో వైద్యం మహా వేగం పుంజుకుందండీ. గుడివాడలోనో బందరులోనో తీసిన సీటీ స్కాను అర నిమిషంలో బెజవాడ డాక్టరుగారి ఫోనులో వాలిపోతోంది. పద్ధతి బహు తేలిక. పేషెంటు బావమరిది ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎదురుగా రెండు కొసలూ లాగి పట్టుకుంటాడు, కాంపౌండరు ఫోను తీస్తాడు. ఇరవయ్యో ముప్ఫయ్యో బొమ్మలున్న షీటంతా ఒక్క ఫొటోలో ఇరుక్కుంటుంది. ఆపైన వాట్సప్ దాన్ని ఇంకాస్త పిండి పంపుతుంది. చివరికి డాక్టరుగారికి దర్శనమిచ్చేది మసక మెదడు, దాని మీద అడ్డంగా తెల్లటి ట్యూబ్‌లైటు, పక్కన బావమరిది బొటనవేలు. మూలనున్న పేషెంటు పేరూ వయసూ మాత్రం ముత్యాల్లా కనిపిస్తాయి. దారిలో ఫార్వర్డయిన గ్రూపుల వాళ్ళకి కావలసినవీ అవేగా!

"బొమ్మేగా, ఎలా పంపితే ఏం?" అంటారు. సీటీలో ఒక్కో కోత అటు 512, ఇటు 512 గడుల పట్టిక, అర మెగాబైటు. 300 కోతలైతే 150 ఎంబీ. ఒక్కో గడిలో నలుపు నుంచి తెలుపు దాకా 4096 మెట్లు పడతాయి. ఫోను ఫొటోలో 256తో సరి. అసలు ఫైలుంటే డాక్టరు ఎముకకి ఒకలా, మెదడుకి ఒకలా వెలుగు తిప్పుకుని చూస్తారు. పక్షవాతం తొలి గంటల్లో మెదడులో కనిపించేది కొద్ది మెట్ల తేడాయే. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షనుకు గడువు మామూలుగా నాలుగున్నర గంటలు. అందులో రోడ్డుకే ఎంత పోతుందో కోడూరు, నాగాయలంక వాళ్ళకి ఒకరు చెప్పాలా?

కుదించడమే పాపమని నేననడం లేదు. తొక్కుడు లడ్డు ఊరైన బందరుకి తొక్కడం నేర్పేదెవరు? ఎంత తొక్కినా ఆ పిండి తూకం తగ్గదు. స్కానుకీ అలాంటి తొక్కుడు ఉంది. స్కాను ఫైళ్ళ కోసం పెట్టుకున్న 1993 నాటి డైకామ్ ప్రమాణంలో, ఒక్క గడీ పోకుండా ఫైలును సగానికో మూడో వంతుకో తెచ్చే పద్ధతులున్నాయి. కొంత పోయినా ఫర్వాలేదని కొన్ని దేశాల రేడియాలజిస్టుల సంఘాలు ఒప్పుకున్నాయి కూడా. కాకపోతే ఏ స్కానుకి ఎన్ని రెట్లో లెక్క రాసుకుని మరీ ఒప్పుకున్నాయి. మన లెక్క కాంపౌండరు చేతి వణుకును బట్టి ఉంటుంది. అయినా అలా కుదించిన 60 ఎంబీ ఫైలు ఓ మోస్తరు 4జీలో ఒకటి రెండు నిమిషాల పని. ఆ నిమిషం మిగుల్చుకుని, బందరు నుంచి 70 కిలోమీటర్లు అంబులెన్సులో కూర్చుంటున్నాం!

లెక్క తప్పిన కుదింపు ఎంతకు తెస్తుందో చూడండి. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ నిపుణుడు జిరాక్స్ కంపెనీ స్కానర్లు కొన్ని అంకెల్ని మార్చేస్తున్నాయని బయటపెట్టారు. ఫైలు చిన్నది చేసే తొందరలో, ఒకేలా ఉన్న ముక్కలన్నీ ఒకటేననుకుని 6 ఉన్నచోట 8 అతికించేవట. మసకైనా లేదు, తప్పు నిగనిగలాడుతూ అచ్చయ్యేది. ఆ లెక్కన మన బావమరిది బొటనవేలు నయం. అది బొటనవేలని చూడగానే తెలుస్తుంది.

బెజవాడ చేరాక జరిగేది అందరూ ఎరిగిందే. "ఇది పనికిరాదు, మళ్ళీ తీయాలి." మళ్ళీ రేడియేషన్, మళ్ళీ బిల్లు. మసక ఫొటో వల్ల ఎవరికీ లాభం లేదని ఎవరన్నారు? దేశానికి డిజిటల్ ఆరోగ్య మిషన్ 2021లోనే వచ్చింది, 14 అంకెల ఆరోగ్య నంబరూ వచ్చింది. నంబరు ఫోనులో భద్రంగా ఉంది, స్కాను మాత్రం గొట్టంలా చుట్టి సంచిలో ఉంది.

విడ్డూరమేమిటంటే, అదే వాట్సప్‌లో ఫొటో గుర్తుకు దగ్గర్లోనే డాక్యుమెంటు గుర్తూ ఉంది. అందులో పెడితే 2 జీబీ దాకా ఫైలు చెక్కుచెదరకుండా పోతుంది. కానీ ముందు ఆ ఫైలు స్కాను సెంటరు కంప్యూటర్‌లోంచి బయటికి రావాలి కదా. గట్టిగా అడిగితే సీడీ చేతిలో పెడతారు. సీడీ పెట్టే సందున్న లాప్‌టాప్ ఊళ్ళో ఎవరిదగ్గరుందో కనుక్కోవడం మన పని. మరీ గట్టిగా అడిగితే కౌంటరులో అమ్మాయి తలెత్తి చూస్తుంది. "ఫిల్ము ఇచ్చాం కదండీ, ఇంకేం కావాలి?"