మైసూరులో చేసిన ముఖం

నేను నల్లమల పులిని. తోలు, కోరలు, గోళ్లు నావే. మిగతాదంతా మైసూరులో చేసింది. వనపర్తిలో ఒక పాత మేడ, అందులో హాలు గోడ మీద నోరు తెరిచి ఉంటాను.

నిజాం పాలన చివరి రోజులవి. అమ్రాబాద్ కొండల కింద నీటి గుంట దగ్గర నన్ను కొట్టారు. నా అడుగులు పట్టి దారి చెప్పింది చెంచులు. ఎరగా దున్నదూడను కట్టారు. మంచె మీంచి తుపాకీ పేల్చింది దొర. అప్పటికే నా నోరు ఎంత తెరిచి ఉండాలో నిర్ణయమైపోయింది. వేటలో చచ్చిన జంతువుల తోళ్లతో బొమ్మలు చేసే మైసూరు వాన్ ఇంజెన్ కంపెనీకి ముందే ఉత్తరం వెళ్లింది. తోలు ఎలా ఒలిచి పంపాలో వేటగాళ్లకు చెప్పే చిన్న పుస్తకం కూడా వాళ్లు అచ్చు వేశారు.

పని అంతా ఆ రాత్రే జరగాలి. ఎండకు కుళ్లిందంటే వెంట్రుక ఊడిపోతుంది. గడ్డం కింది నుంచి తోక దాకా కడుపు మీదుగా ఒకే కోత, కాళ్లకు లోపలి వైపు కోతలు. చెవులు తిరగేసి, పెదవులు లోపలి నుంచి చీల్చి, మాంసం పొర గీకి, ఉప్పు పట్టించి నీడలో ఆరేశారు. ఒక మనిషి లాంతరు పట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. మీసాలు పీక్కుపోయేవాళ్లుంటారు, కొవ్వు వాతం నొప్పులకు మందని అడిగేవాళ్లుంటారు. వాళ్లందరి నుంచీ నన్ను కాపాడటమే అతని పని.

చుట్టచుట్టి పెట్టెలో పెట్టి వనపర్తి రోడ్ స్టేషన్‌లో రైలెక్కించారు. కృష్ణ వంతెన, గద్వాల, కర్నూలు, డోన్ దాటి మైసూరు చేరాను. యూజీన్ వాన్ ఇంజెన్ 1900 ప్రాంతంలో పెట్టిన కార్ఖానా అది. తర్వాత ఆయన కొడుకులు నడిపారు. 1999లో మూతపడేలోగా నలభై వేలకు పైగా పులులు, చిరుతలు అక్కడ తయారయ్యాయని అంచనా. తోలు ఊనబెట్టి, లోపలి వైపు కత్తితో పల్చగా గీకి, కాగితపు గుజ్జుతో చేసిన అచ్చు మీద లాగి కుట్టారు. నాలుక, చిగుళ్లు మలిచి రంగు వేశారు. కళ్లు గాజువి. ఆ పనివాళ్ల చేతుల్లోని నేర్పు గొప్పది. ఆ మాట నిండు మనసుతో చెబుతాను. కానీ మా అమ్మ వెనక నడిచి నేర్చుకున్న అడుగు, ఎండుటాకు కూడా చప్పుడు కాని ఆ అడుగు, ఏ అచ్చులోకీ రాలేదు.

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. ఆ ఏడు లెక్కలో దేశం మొత్తం మీద 1,827 పులులే మిగిలాయి. దొర కొడుకు నన్ను అధికారులకు చూపించి యాజమాన్య పత్రం తీసుకున్నాడు. ఇప్పుడైతే నన్ను అమ్మకూడదు, వారసత్వంగా మాత్రమే చేతులు మారగలను. నాకు ఆ పద్ధతి నచ్చింది.

నిన్న దొర మనవడు అమెరికా నుంచి వాళ్ల నాన్నకు వీడియో కాల్ చేశాడు. దక్షిణాఫ్రికా వేటకు వెళ్తాడట.

“ఏం కొడతావురా?”

“కూడూ, నాన్నా. మెలితిరిగిన కొమ్ముల జింక. అక్కడే ఉప్పు పెట్టి, మందునీళ్లలో ముంచి, ప్యాక్ చేసి పంపిస్తారు. ఇక్కడ మౌంట్ చేయించుకుంటా. గోడ కూడా చూసిపెట్టా.”

నన్ను అడిగితే చెప్పేదాన్ని. కొట్టాక గొంతు కోయనివ్వకు నాయనా. మెడ ముందు భాగంలో పడిన కుట్టు ఎంత దాచినా కనిపిస్తుంది. భుజాల వెనక నుంచి ఒలిపించు. కొమ్ముల కొలతలకన్నా ముందు ముక్కు, కంటి చుట్టూ ఉన్న రంగుకు దగ్గర్నుంచి ఫొటోలు తీయించు. బొమ్మ చేసేవాడికి అవే ఆధారం.

ఇంత చెప్పినా, నువ్వు వెళ్లకూడదనే నా కోరిక. గోడ మీదికి ఎక్కేది జంతువు కాదు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉన్నదాన్ని, నాకు తెలుసు.

ముందు మీ తాత నన్ను కొట్టిన అడవికి రా. ఇప్పుడది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, నాగర్‌కర్నూల్ జిల్లా. మన్ననూరు దాటాక ఫరహాబాద్ గేటు దగ్గర అటవీశాఖ బండ్లు ఎక్కిస్తారు. మావాళ్లు కనిపిస్తారని మాట ఇవ్వలేను. తడిమట్టిలో అడుగు కనిపించినా చాలు, దిగకుండా బండిలోంచే చూడు. జులై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు, దసరాకు టికెట్ తీసుకో.