డప్పు ఎవరిదో చెప్పరేం?

మా రోజుల్లో డప్పు మోగిందంటే సంగతేంటో ఇంట్లో కూర్చునే చెప్పేవాళ్లం. ఇది చాటింపు, ఇది పెళ్లి ఊరేగింపు, ఇది బోనాలు, ఇది చావు. పొయ్యి ముందున్న మా అమ్మ చావు దెబ్బ వినగానే ఊదుగొట్టం పక్కన పెట్టి "ఎవరు పోయిన్రో" అనేది. ఇప్పుడు సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా మనవడు ఫోన్‌లో వీడియోలు చూసి దరువులు నేర్చుకుంటున్నాడు. మొన్న ఎవరిదో గృహప్రవేశానికని ప్రాక్టీసు చేసింది అచ్చంగా శవం ముందు కొట్టే దెబ్బ! "బీట్ అదిరింది కదా తాతా?" అంటాడు. అదిరిందిరా, పాడె ఒక్కటే తక్కువ.

మా ఊళ్లో వేపకర్ర చట్రానికి మేకతోలు బిగించేవాళ్లు. కొట్టే ముందు గడ్డిమంట మీద కాచి, వేలితో తట్టి, చెవి పెట్టి విని, చాలకపోతే మళ్లీ కాచేవాళ్లు. ఒక చేతిలో పొట్టి సిర్ర, రెండో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. ఇప్పుడు ఫైబర్ డప్పులొచ్చాయి. కాచే పని లేదు, వానకు మెత్తబడే బాధ లేదు. ఒకందుకు మంచిదేలెండి. ఇక్కడ నిప్పు రాజేయకూడదని నిషేధం పెట్టే టోటల్ ఫైర్ బ్యాన్ రోజున పెరట్లో గడ్డిమంట వేస్తే జరిమానా కట్టాలి. కానీ ఆ మోత వింటే రేకు డబ్బా నయమనిపిస్తుంది.

బతుకమ్మ సంగతీ అంతే. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుని చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్లు. 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగైంది, సముద్రాలు దాటింది, సంతోషం. ఇప్పుడు పాట స్పీకర్ పాడుతుంది, ఆడవాళ్లు ఫొటోలు దిగుతారు.

అసలు నా గొణుగుడు ఇది కాదు. ఇక్కడ సభ ఏదైనా ముందు ఈ నేల ఇక్కడి ఆదివాసులైన దారుగ్ ప్రజలదని చెప్పి, వాళ్ల పెద్దలకు గౌరవం తెలుపుతారు. మన తెలుగువాళ్ల సభల్లోనూ ఆ నాలుగు ముక్కలు చక్కగా చదువుతారు. ఆ వెనకే డప్పు మోగుతుంది. అదెవరిదో మాత్రం ఒక్కరూ నోరు విప్పరు.

మాదిగలది. ఈ విషయంలో మా రోజులు బంగారమని నేననను. డప్పు లేనిదే పెళ్లి ఊరేగింపు కదిలేది కాదు, కొట్టినవాళ్లకు మాత్రం విస్తరి పందిరి బయటే. చావుకైనా, చాటింపుకైనా వెట్టికి రావాల్సిందే. మా ఇళ్లలో పిల్లలు డప్పు ముట్టుకుంటే వీపు మోగేది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలయ్యాక అదే డప్పును వాళ్లు హక్కుల కోసం మోగించారు. ఈరోజు మా మనవడు దాన్ని భుజాన వేసుకుంటే ఎవరూ కాదనడం లేదు. అది మంచి మార్పే.

అందుకే, దారుగ్ వాళ్ల మాట రాసిన కాగితంలోనే ఈ డప్పును కాపాడినవాళ్ల గురించి ఒక్క వాక్యం చేర్చమన్నాను. "ప్రోగ్రాం లేటవుతుంది తాతా" అన్నాడు మా మనవడు. గంటసేపు శాలువాలు కప్పుకుంటే కాని లేటు, ఒక్క వాక్యానికి అవుతుందట!