ఆర్గనువాని వాటా

జంటకవిత్వము తెలుగునాటనే పుట్టి తిరుపతి వేంకటకవులతో పరిపూర్ణమైనదని వాదించు పండితులను లివర్‌పూలునకు గొనిపోయి, ఫోర్త్‌లిన్ రోడ్డులోని 20వ నంబరు ఇంటి ముందుగదిలో ఒకమాఱు నిలుపవలెనని నాకు చిరకాలముగా కోరిక. చదువులు ఎగగొట్టిన పాల్ మెకార్ట్నీ, జాన్ లెనన్ అను కుర్రవాండ్రు అచ్చటనే గిటార్లు పట్టి ఎదురెదురుగా కూర్చుండి పాటలు కట్టిరి. పాల్ ఎడమచేతివాటమువాడగుటచే ఒకని వ్రేళ్ల కదలిక మఱియొకనికి అద్దములోవలె గోచరించుచు, ఒకరి వరుస నొకరు కాజేయుటకు మిక్కిలి అనుకూలముగ నుండెనట. 1963లో 'షీ లవ్స్ యు' ఆ ఇంట పూర్తికాగా, అందలి 'యా' అను అమెరికా యాసను మాని శుద్ధముగా 'యెస్' అని పాడరాదా యని పాల్ తండ్రి సెలవిచ్చెను; కుర్రవాండ్రు వినలేదు. ప్రతి ఇంటను ఒక గ్రాంథికవాది యుండును. నేను ఆయన పక్షమే.

ఎవరు వ్రాసినను ఇద్దరి పేరుననే ప్రకటించుట వారి ఒడంబడిక. పాల్‌కు కలలో వినవచ్చినదియు, వారి బృందములోని మిగిలిన ముగ్గురును చేయి పెట్టనిదియునగు 'యెస్టర్‌డే' సైతము 1965లో లెనన్ పేరు ముందిడుకొనియే వెలువడెను. తిరుపతి వేంకటకవులలో తిరుపతిశాస్త్రిగారు 1920లో గతించిన పిదపను రెండవవారగు చెళ్ళపిళ్ళవారు జంటపేరునే నిలిపిరి. మెకార్ట్నీ మాత్రము 2002లో ఒక రికార్డుపై తన పేరు ముందునకు జరుపుకొనగా, లెనన్ భార్య ఆక్షేపించినది.

అయినను ఇది ముద్దుల తగవు. అసలు తగవు ప్రోకల్ హారమ్ అను బృందమువారిది. 1967 నాటి 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' పాటకు ప్రాణప్రదమగు ఆర్గను వాదనము మాథ్యూ ఫిషర్‌దే యైనను, సంగీతకర్తగా గ్యారీ బ్రూకర్ పేరొక్కటే యుండెను. ముప్పదియెనిమిదేండ్లు మౌనవ్రతము పట్టిన ఫిషర్ 2005లో దావా వేయగా, హైకోర్టు నూటికి 40 వంతుల వాటా ఇచ్చెను, అప్పీలు కోర్టు రాబడిని లాగికొనెను, తుదకు 2009లో ప్రభువుల సభవారు గంభీరముగా ఆ ఆర్గను సంగతులు విచారించి వాటాను మరల నిచ్చిరి. ఆ వరుసకు స్ఫూర్తియైన బాక్ మహాశయుడు 1750లోనే కీర్తిశేషుడగుటచే వకాల్తా దాఖలు చేయలేకపోయెను.

క్వీన్ బృందమువారు బుద్ధిమంతులు. 1975లో ఫ్రెడ్డీ మెర్క్యురీ 'బొహీమియన్ రాప్సొడీ' రికార్డు వెనుకవైపున డ్రమ్మువాడు రోజర్ టేలర్ తన కారు పాట నంటించి, ముందువైపున కెంత ముడుపో తానును అంతయే గడించిన పిమ్మట, 1989 నుండి ఎవరు వ్రాసినను నలుగురి పేర 'క్వీన్' అనియే వేసికొనిరి.

మా మేనల్లుడును ముగ్గురు మిత్రులును మా గ్యారేజీలో బృందమొకటి నెలకొల్పిరి.

"తలా ఇరవై అయిదు శాతమని కాగితం రాసేసుకున్నాం, మామయ్యా!"

"మరి పాట?"

"దానికింకా మాట కుదరలేదు."

గ్యారేజీ నాది గనుక, ఆ కాగితము నొకమాఱు తెప్పించి చూడదలచితిని.