నింద రైలుకు, కూత వాల్వుకు

కురిచేడులో వాల్వు యాంప్లిఫయర్ పెట్టుకున్నవాడికి నింద మోపడానికి దిక్కులకు కొదవలేదు. గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం ఊరిని ఆనుకునే పోతుంది, లోడు లారీలు తిరిగే రోడ్డు ఉండనే ఉంది. స్పీకరులో ‘ణంగ్’మని మోగినా, పాట మధ్యలో ‘కుయ్’మని కూత లేచినా మొదటి ముద్దాయి గూడ్సు బండి. రెండో ముద్దాయి లారీ. మేడమీద పచ్చడి దంచుకుంటున్న ఇల్లాలికి మూడో స్థానం ఎప్పుడూ ఖాయం. అసలు ముద్దాయి మాత్రం అదే బల్ల మీద నారింజరంగులో వెలుగుతూ కూర్చుని ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. వాల్వుకు అదురు పడదన్న మాట నిజమే. నేను కాదనేదల్లా ఆ అదురు రైలుదనడాన్ని. వాల్వును అదరగొట్టేది అది పాడిస్తున్న పాటే. ఇది ఒప్పుకుంటే మందుల పేరుతో అమ్ముడుపోయే సరుకులో చాలాభాగం కొనక్కర్లేదు.

గాజుబుడ్డిలో కాథోడ్ ఉంటుంది, దాని చుట్టూ గ్రిడ్ అనే వెంట్రుకంత సన్నని తీగ చుట్టి ఉంటుంది, దానికి అవతల ప్లేటు. గ్రిడ్‌కూ కాథోడ్‌కూ మధ్య ఎడం మిల్లీమీటరులో చిన్న భాగం. ఎంత కరెంటు దాటాలో తేల్చేవాటిలో ఆ ఎడం ఒకటి. తీగ వణికితే ఎడం మారుతుంది, ఎడం మారితే కరెంటు మారుతుంది. వచ్చింది తీగ వణుకో, గాయకుడి గొంతో యాంప్లిఫయర్‌కేం తెలుసు? రెండింటినీ ఒకే శ్రద్ధతో పెంచి పంపిస్తుంది. మైకు నుంచి వచ్చేది 2 మిల్లీవోల్టులు, స్పీకరుకు చేరాల్సింది 20 వోల్టులు అనుకుంటే అది పదివేల రెట్లు. కురిచేడులో ఒకాయన తుమ్మాడన్న కబురు దర్శి చేరేసరికి జ్వరమై, ఒంగోలు చేరేసరికి పెద్దకర్మ తేదీ అయినట్టు, మొదటి వాల్వులో పుట్టిన చిన్న వణుకు చివరికి కూత అవుతుంది. ఒంగోలులోనే పుట్టిన తుమ్ము తుమ్ముగానే ఉంటుంది. చివరి ఈఎల్34 పవర్ వాల్వు వణికినా దాన్ని పెంచేవాళ్లు ముందు ఎవరూ లేరు. కాబట్టి వెతకాల్సింది మొదటి వాల్వునే. సాధారణంగా అది 12ఏఎక్స్7, అంటే ఈసీసీ83. దాని పెంపు గుణకమే 100. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు 1961లో మొదలుపెట్టి చేసిన వాల్వులైనా, ఇప్పుడు రష్యా నుంచో చైనా నుంచో దిగుతున్నవైనా ఈ విషయంలో ఒకే కులం.

ఇక రైలు తరఫున వకాల్తా. బండి పోతుంటే నేలలో పుట్టే అదురు ఎక్కువగా సెకనుకు వంద కంపనాల లోపుది. వాల్వు లోపలి తీగలూ రేకులూ మోగేది అంతకు బాగా పైన, కొన్ని వందల నుంచి కొన్ని వేల కంపనాల దగ్గర. కిటికీ అద్దం గడగడలాడుతున్నా వాల్వు నిమ్మకు నీరెత్తినట్టు ఉండగలదు. మరి ఆ వందల, వేల కంపనాలు ఎక్కడివంటే మనిషి గొంతువి, నాదస్వరానివి. వేపచెట్టుకు కట్టిన హారన్ సరిగ్గా ఆ మేరలోనే గట్టిగా అరుస్తుంది, కింది స్వరాలను పట్టించుకోదు. ఆ అరుపు గాలిలో వచ్చి వాల్వును తడితే, వాల్వు మోగి, ఆ మోత మళ్లీ హారన్‌కెక్కి, తిరిగి వాల్వును తడుతుంది. చుట్టు తిరిగిన ప్రతిసారీ పెరిగితే అదే కూత. మైకు తీగ పీకేసినా కూత ఆగకపోతే మైకు నిర్దోషి అని తేలినట్టే. తిరునాళ్లలో హారన్ చెట్టుమీదా, యాంప్లిఫయర్ దూరంగా పందిరి మూలా ఉండడం మంచి ఏర్పాటే. కారణం తీగ పొడవు కలిసిరావడమే అయినా సరే.

“మరి బండ కింద పెడితే తగ్గుతుందంటారే?” అంటారు. బండ అనగానే మనవైపు మాట మార్కాపురం పలక. పలకరాతిని గ్రామఫోను బల్లలకు వాడే శోకీనులు విదేశాల్లో ఉన్నారు, పాత గారార్డు 401 ప్లేయరుకు ఆ పీఠం బాగా పేరున్నదే. అక్కడ ముల్లు పనే అదురు చదవడం కాబట్టి అది కొంత న్యాయం. వాల్వు సంగతి వేరు. రెండడుగుల చదరం, రెండంగుళాల మందం పలక సుమారు 50 కిలోలు తూగుతుంది. దాన్ని ఇద్దరు మోసుకొచ్చి బల్ల మీద పెడితే నేల నుంచి వచ్చేది కొంత తగ్గవచ్చు. నేల మీద నేరం లేదని ఇంతకుముందే తేల్చాం. గాలిలో వచ్చే చప్పుడు పలకను అడగదు, నేరుగా పైకి వస్తుంది. పైగా యాంప్లిఫయర్ సొంత ట్రాన్స్‌ఫార్మరు 100 కంపనాలతో రాత్రింబవళ్లు గుయ్యిమంటూ వాల్వులు బిగించిన రేకు మీదే, అంటే పలకకు పైనే, కూర్చుని ఉంటుంది. ఇత్తడి ముల్లుకాళ్ల కథ ఇంకా విచిత్రం: అవి అదురును ఆపేవి కావు, పెట్టెను బల్లకు ఇంకా గట్టిగా కలిపేవి. వాటిని పెట్టాక తేడా వినిపించిందనేవాళ్లను అబద్ధాలకోరులని అనను. బిల్లు చూపించకుండా మళ్లీ వినిపించి అడగాలి, అంతే.

ఫిరంగిలోంచి పేల్చినా వాల్వులు బతికాయి కదా, అదురు లెక్కేమిటన్నది మరో ఆక్షేపణ. అవును, 1943 నుంచి అమెరికా నౌకాదళం వాడిన, గురి దగ్గరికి రాగానే గుండును పేల్చే సామీప్య ఫ్యూజుల్లో చిట్టి వాల్వులుండేవి, పేల్చినప్పుడు గురుత్వానికి 20,000 రెట్ల దెబ్బ తట్టుకునేవి. బతకడం వేరు, నోరు మూసుకోవడం వేరు: వాల్వు వణికి గుండు ముందే పేలిపోకుండా చూడటం ఆ ఇంజనీర్లకు పెద్ద తలనొప్పి. గిటారువాళ్లకు ఆ మోత ఇష్టమంటారా, గిటారు వాళ్లది కాబట్టి వాళ్లిష్టం. ఘంటసాల పాడనిది ఘంటసాల పాటలో వినడం నాకు సమ్మతం కాదు.

దొంగను పట్టడానికి పెన్సిలు చాలు. వాల్యూం కాస్త పెంచి, రబ్బరు ఉన్న కొసతో ఒక్కో గాజుబుడ్డినీ మెల్లిగా తట్టాలి. గాజునే సుమా, అడుగున 300 వోల్టులుంటాయి. ఏది తట్టితే స్పీకరు ‘ణంగ్’మంటుందో అదే. దాని సాకెట్టు కింద రబ్బరు వాషర్లు వేస్తే రేకు అదురు తగ్గుతుంది, యాంప్లిఫయర్‌ను స్పీకరుకు ఎడంగా జరిపితే గాలి చప్పుడు తగ్గుతుంది. మోగే వాల్వును పారేయనక్కర్లేదు. చాలా సెట్లలో వెనక స్థానంలోనూ అదే రకం వాల్వు ఉంటుంది. సెట్టు ఆపి, చల్లారాక, రెండింటినీ తారుమారు చేస్తే చాలాసార్లు గొడవ సద్దుమణుగుతుంది. ఖర్చు సున్నా. ఈ వైద్యానికి ప్రచారం లేకపోవడానికి కారణం కూడా అదే, దీన్ని అమ్మడమెలాగో ఇంకా ఎవరికీ తట్టలేదు.