‘అలాస్కా చేసేశాం’: టీకా తాత్పర్య సహితం

మూలం:
సియాటిల్, జూనో, స్కాగ్వే, గ్లేసియర్ బే,
కెచికాన్, విక్టోరియా. ఏడు రోజులు ప్రకృతి ఒడిలో.
అలాస్కా చేసేశాం!

అవతారిక: కవి మా బావమరిది. కావ్యం వాట్సాప్ స్టేటస్. ఇరవై నాలుగు గంటల ఆయుష్షున్న కావ్యానికి వ్యాఖ్యానం దేనికంటారేమో. కవి దాన్ని నాలుగు ఫ్యామిలీ గ్రూపుల్లోనూ పెట్టి, "నువ్వూ వచ్చావుగా బావా, ఏదైనా రాయి" అన్నాడు. రాస్తున్నాను.

ప్రతిపదార్థం: ఏడు రోజులు = ఏడు రోజులు. ప్రకృతి ఒడిలో = ఓడ పదకొండో అంతస్తులో, బఫే పక్కన. కెచికాన్ = వాన. తక్కినవి సులభం.

విక్టోరియా = పాదపూరణం. సంస్కృత కవులు గణం చాలక చ, తు, హి, వై అని ఇరికించినట్టు, ఓడవాళ్లు కెనడాలోని ఈ ఊరిని ఇరికించారు. విదేశీ జెండా కట్టిన ఓడ అమెరికాలో బయల్దేరి, దారిలో అమెరికా రేవుల్లోనే ఆగుతూ, పరాయి దేశపు రేవు తొక్కకుండా మళ్లీ అక్కడికే చేరి ప్రయాణికుల్ని దింపకూడదని 1886 నాటి చట్టం. ఆ ఛందస్సు కోసం రాత్రివేళ ఓ నాలుగు గంటలు ఆపారు. చాలామంది దిగలేదు.

అలాస్కా = అలలకు ఆస్కారమైనది గనుక అలాస్కా, తుది వర్ణం లోపించింది అని కొందరంటారు. కొందరంటే నేనే. నవ్వకండి. అక్కడి ఆదివాసులైన ఉనాంగన్ల భాషలో దీని మూలరూపానికి ‘సముద్రం చేసే పని దేనిమీద పడుతుందో అది’ అని అర్థం చెబుతారు. అంటే సముద్రం కర్త, ఆ నేల కర్మ! ఊళ్లకు దేవుళ్ల పేర్లు, రాజుల పేర్లు పెట్టినవాళ్లను చూశాం గానీ, కారకం పేరు పెట్టినవాళ్లను ఎక్కడైనా చూశామా? చిన్నయసూరి చెవిన పడి ఉంటే ద్వితీయా విభక్తికి ఇదే ఉదాహరణ ఇచ్చేవాడు. 1867లో రష్యా ఆ నేలను 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మింది. కర్తలు మారారు, కర్మ మారలేదు. ప్రస్తుత వాక్యంలో కర్త మా బావమరిది.

గ్లేసియర్ బే = ఇక్కడ కాస్త ఆగాలి. ఓడ కూడా ఆగింది. ఇక్కడి ఆదివాసులైన హ్యూనా ట్లింగిట్లు దీన్ని వాళ్ల భాషలో ‘మంచునది ఉండిన చోట ఏర్పడిన అఖాతం’ అంటారు. పోయినదాన్ని స్థాని అనీ, దాని చోట వచ్చినదాన్ని ఆదేశం అనీ మన వ్యాకర్తలు గుంజాటన పడి చెప్పిన సంగతి ఒక్క అఖాతం పేరులో ఉంది. 1750 ప్రాంతంలో మంచు ముందుకు తోసుకొచ్చి ట్లింగిట్ల ఊళ్లను తుడిచేసింది. 1794లో నావికుడు వాంకూవర్ మనుషులు వచ్చేసరికి అఖాతమన్నది దాదాపు లేదు, అంతా మంచుగోడే. ఆ తర్వాత మంచు సుమారు వంద కిలోమీటర్లు వెనక్కి పోయింది. ఇదంతా పార్కు రేంజరు ఓడెక్కి మైకులో చెబుతుండగా, నా వెనక తెలుగులో ఎవరో "ఆమ్లెట్ల లైను మూసేస్తారేమో, పదండి" అన్నారు.

ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుందనీ, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని లేపి కూర్చుంటుందనీ బళ్లో మా తెలుగు మాస్టారు చెప్పేవారు. పన్నెండు వందల మంది ఉండే స్కాగ్వేలో ఒక్కరోజున పదివేలమంది దిగితే అది ఆగమమా, ఆదేశమా? వీధి పొడుగునా నగల దుకాణాలే. ఒక కొట్లో అమ్మాయిని "మీ ఊళ్లో చలికాలం ఎలా ఉంటుందమ్మా?" అని అడిగాను. "తెలీదండీ, నేను సెప్టెంబరులో వెళ్లిపోతాను" అంది. కొనేవాళ్లం మేము పైవాళ్లం, అమ్మే పిల్లా పైదే. ఊరివాళ్లు ఎక్కడున్నారో కనబడలేదు. వెతకడానికి టైమూ లేదు, ఐదున్నరకు ఓడెక్కాలి.

శంక: అయితే ఓడలు రాకూడదా?
సమాధానం: అలా అనడానికి నేనెవణ్ణి? శనివారాలు పెద్ద ఓడలు వద్దని 2024లో జూనోలో ఓటింగు పెడితే ఓడే గెలిచింది. ఎంతోమందికి అన్నం పెడుతున్నదీ అదే. నా పేచీ ఓడతో కాదు, క్రియాపదంతో.

చేసేశాం = వంట చేస్తాం, పెళ్లి చేస్తాం, అప్పు చేస్తాం. కాశీ యాత్ర చేస్తాం గానీ కాశీని చేయం. పైగా ఆ ‘ఏశాం’ ఒకటి! తినేశాం, అమ్మేశాం, పారేశాం. ఇక అక్కడ మిగిలిందేమీ లేదని దాని ధ్వని.

తాత్పర్యం: మేము వెళ్లాం, తిన్నాం, వచ్చాం. అలాస్కాను చేస్తున్నది ఇప్పటికీ సముద్రమే.

పాఠాంతరం: ఆమ్లెట్ వాక్యం ఎవరిదన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. మంచుగోడ విరిగి పడుతుండగా నేను తీసిన పద్నాలుగు సెకన్ల వీడియోలో అది వినబడుతుంది. గోడ కనబడదు. గొంతు నాదేనని మా ఆవిడ పక్షం. వ్యాఖ్యాత ఖండించలేకపోతున్నాడు.