తురగ ప్రక్షాళనము: టీకా తాత్పర్య విశేష సహితము

గోరువెచ్చ నీట గుర్రంపు బొమ్మను
మెడను తడపకుండ మెల్లఁ గడిగి
కొసలనుండి జుట్టు కుదురుగా దువ్వినన్
పాతతురగమునకు ప్రాయమొదవు.

ఛందస్సు ఆటవెలది. గో–గు, మె–మె, కొ–కు, పా–ప్రా: యతులు నాలుగూ చెల్లాయి, లాక్షణికులు ఇక లేచి వెళ్లవచ్చు. కవి పేరు చెప్పుకోలేదు. చెప్పుకోవలసినంత కవిత్వం ఇందులో లేదని ఆయనకూ తెలిసే ఉంటుంది. అయినా వ్యాఖ్యాత కలం పట్టడానికి కారణముంది. పిల్లలు ఆడుకుని మురికి చేసిన ‘పోనీ’ గుర్రపు బొమ్మ చాలాసార్లు తేరుకుంటుంది. బాగుచేస్తామని దిగిన పెద్దల చేతిలో పాడైనది తేరుకోదు. ఈ పద్యంలోని ప్రతి మాటా ఆ రెండో రకం నష్టానికి వేసిన అడ్డుకట్ట.

మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి ప్రతిజ్ఞ ఏదీ పట్టలేదు. మూలానికి ఉన్నవి నాలుగే పాదాలు. బొమ్మకూ నాలుగే; కాని ఆ పాదాల మీదే బోలెడంత శాస్త్రం నడుస్తుంది. మొట్టమొదట అచ్చుపోసిన పోనీల డెక్కల అడుగు చదునుగా ఉంటుంది, తర్వాత వచ్చినవాటికి గుంట పడి ఉంటుంది. బొమ్మ చేతికి రాగానే అనుభవజ్ఞులు ముఖం చూడరు, తిరగేసి కాళ్లు చూస్తారు.

అవతారిక. ఏ గుర్రం, ఎక్కడి గుర్రం? అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రపు పాటకెట్ ఊళ్లో హాస్‌బ్రో బొమ్మల కంపెనీలో బానీ జాకర్లే అనే రూపశిల్పి పనిచేసేవారు. చిన్నప్పటి నుంచి గుర్రాలంటే ప్రాణం. ఆమె ఆలోచన మీద 1981లో ‘మై ప్రెటీ పోనీ’ వచ్చింది: పెద్దది, గట్టి ప్లాస్టిక్కు, గడ్డం కింద మీట నొక్కితే చెవులాడించి కన్నుకొట్టే రకం. 1983లో అదే గుర్రం చిన్నదై, మెత్తనిదై, లేత రంగులు పూసుకుని, దువ్వుకోవడానికి బారెడు జుట్టుతో ‘మై లిటిల్ పోనీ’గా మళ్లీ పుట్టింది. తొలి విడతలో ఆరుగురు: కాటన్ క్యాండీ, బ్లూ బెల్, బటర్‌స్కాచ్, బ్లాసమ్, మింటీ, స్నజిల్. మన పురాణాల్లో షట్చక్రవర్తులున్నట్టు ఈ పురాణంలో వీరు. ఇప్పుడు అటకల మీద నుంచి, పాత సామాన్ల అమ్మకాల నుంచి మురికోడుతూ బయటికొచ్చి, చిన్నప్పుడు అవి కొనిపించుకోలేకపోయిన నడివయసు వాళ్ల ఇళ్లకు చేరుతున్నది ఎక్కువగా ఈ తరం బొమ్మలే. 2024లో రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియం వారు మై లిటిల్ పోనీని నేషనల్ టాయ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. పట్టాభిషేకం జరిగింది కనుక ఇక మంగళస్నానం.

“గుర్రంపు బొమ్మను” అన్నాడు కవి. ఇక్కడే తర్కంలో ఒక చిక్కు. ఏ బొమ్మ అని చెప్పకపోవడం వల్ల లక్షణం అతివ్యాప్తమైంది. ఈ పద్యం కంఠస్థం చేసిన ఉత్సాహవంతుడు కొండపల్లి గుర్రాన్ని నీళ్లలో ముంచితే ఏమవుతుంది? అది తేలికపాటి తెల్ల పొణికి కర్ర. అవయవాలను అతికించింది చింతగింజల జిగురూ రంపప్పొట్టూ కలిపిన మక్కు. దానికి పొడిగుడ్డే స్నానం. కాబట్టి ఇక్కడ గుర్రమంటే వినైల్ గుర్రమనే గ్రహించాలి.

అవ్యాప్తి దోషమూ ఉంది. వినైల్ పోనీలన్నీ ఒక్క జాతివి కావు. ‘సో సాఫ్ట్’ రకానికి ఒళ్లంతా సన్నని నూగు అతికించి ఉంటుంది. బ్రష్షుతో రుద్దితే ఆ నూగు లేచిపోయి బొమ్మ బట్టతల గుర్రమవుతుంది. వాటికి తడిగుడ్డతో అద్దడమే గతి. ‘ట్వింకిల్ ఐడ్’ రకానికి కళ్లలో రాళ్లు పొదిగారు. ఆ రాళ్ల వెనక నీరు చేరితే చూపు మసకబారుతుంది, జిగురు వదిలితే రాయే రాలిపోతుంది. కవి ఈ రెండు జాతులనూ చూడలేదో, చూసి కూడా ఛందస్సులో ఇమడక వదిలేశాడో తెలియదు.

“గోరువెచ్చ నీట.” గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు, మెత్తని పళ్ల బ్రష్షు, గోరువెచ్చని నీళ్లు. పోనీ మురికిలో చాలా భాగం చేతి జిడ్డు మీద పట్టిన దుమ్మే కాబట్టి ఇంతమాత్రానికే వదులుతుంది. ఇక్కడ శిష్యుడు శంకిస్తాడు: “గురువుగారూ, గోళ్ల రంగు తుడిచేది వాడితే క్షణంలో పోతుంది కదా?” పోతుంది నాయనా. మరకతో పాటు తొడమీది గుర్తు, కంటి రంగు, ఆపైన వినైల్ నునుపు కూడా పోతాయి. అందులో ఉండే ఎసిటోన్ వినైల్‌ను ఉబ్బించి కరిగించే జాతి. గోడల మీద గీతలు చెరిపే తెల్ల మెలమైన్ స్పాంజి చూడటానికి సాధువు. నిజానికి అది సన్నటి ఆకురాయి. ఒంటిమీద ఎక్కడో మొండి మరకకు మెల్లగా వాడితే వాడవచ్చు గాని, గుర్తుల జోలికి తీసుకుపోకూడదు. తొడమీది గుర్తే పోనీకి పేరూ గోత్రమూ; అది చెరిగితే గుర్రం అనామకం.

ఇంతకూ వినైల్ ఎందుకింత సుకుమారం? దాని అసలు రూపం పీవీసీ, గట్టి పదార్థం. బొమ్మ మెత్తగా ఉండాలని అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి రసాయనం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రసాయనం మెల్లగా పైకి ఊరుతుంది. పాత బొమ్మ పట్టుకుంటే వేలికి జిగటగా తగిలేది అదే. సబ్బుతో కడిగితే ఆ పూటకు జిగట పోతుంది, లోపలిది మళ్లీ ఊరుతుంది. మ్యూజియంలలో ప్లాస్టిక్ వస్తువుల సంరక్షణ చూసేవారు పీవీసీని తొందరగా చెడే ప్లాస్టిక్కుల కోవలో లెక్కిస్తారు. డెన్మార్క్ జాతీయ మ్యూజియంలో ఏళ్లపాటు ఈ పరిశోధన చేసిన ఇవాన్ షషువా 2008లో ప్లాస్టిక్కుల సంరక్షణ మీద ఒక పెద్ద గ్రంథమే వెలువరించారు. మనం గుర్రమనుకునేది రసాయన శాస్త్రవేత్తకు మెల్లగా జరుగుతున్న ఒక చర్య.

పెన్ను గీత ఎందుకు తోమితే పోదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. సిరా పైన కూర్చోదు. ప్లాస్టిసైజర్‌లో కరిగి లోపలికి ఇంకుతుంది. తోమేవాడు పైన తోముతూనే ఉంటాడు, గీత కింద నవ్వుతూనే ఉంటుంది. దీనికి సేకర్తలు కనిపెట్టిన ఉపాయం మొటిమల మందు. పుల్లకు దూది చుట్టి, బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న క్రీము కాస్త మరక మీద మాత్రమే పూసి, పైన వంటింటి ప్లాస్టిక్ పొర చుట్టి, రోజూ విప్పి చూసుకోవాలి. అది వినైల్‌లోకి దిగి సిరా రంగును విరిచేస్తుంది. విరిచేటప్పుడు సిరా రంగు ఏది, గుర్రం రంగు ఏది అని అడగదు. గీత పోయి, గీత ఉన్నంత మేర తెల్లమచ్చ మిగిలిన బొమ్మలు కోకొల్లలు.

ఇక్కడ వ్యాఖ్యాతల్లో మతభేదం. ఎండ మతస్థులు క్రీము పూసిన బొమ్మను కిటికీలో పెడతారు. వెలుతురు తగిలితే పని త్వరగా అవుతుంది, నిజమే. నీడ మతస్థులు, అదే ఎండ గులాబీ, ఊదా జుట్టును వెలవెలబోయేలా చేస్తుందంటారు. అదీ నిజమే. సమన్వయం చేయదలచినవారు జుట్టుకూ గుర్తులకూ వెండిరంగు రేకు చుట్టి ఎండలో పెడతారు. ఈ వ్యాఖ్యాత నీడ పక్షం. ఆలస్యమైతే రేపు చూసుకోవచ్చు. రంగు పోతే రేపు కూడా ఉండదు.

“మెడను తడపకుండ.” పద్యానికి ప్రాణం ఈ మాట. పోనీ తల, మొండెం వేరువేరుగా పోసి మెడ దగ్గర అతికించినవి. లోపలంతా డొల్ల. మెడ అతుకు నుంచో తోక రంధ్రం నుంచో నీళ్లు లోపలికి దూరితే ఆరే దారి లేదు. తడి నిలిచి బూజు పడుతుంది. అంతకంటె పెద్ద శత్రువు లోపలే కాపురముంటుంది. తోక కుచ్చు బయటికి ఊడి రాకుండా చాలా పాత బొమ్మల్లో లోపలి వైపు చిన్న లోహపు వాషరు బిగించారు. దానికి తడి తగిలిందా, తుప్పు. సున్నం గోడలో దిగిన మేకు చుట్టూ మరక పాకినట్టు ఆ తుప్పు తోక మొదట్లోకి దిగి, తెల్లని నైలాన్ పోగులను ఇటుక రంగు చేసి, వెనక కాళ్ల మధ్య వినైల్‌కు కూడా అంటుకుంటుంది. పైనుంచి ఎంత కడిగినా లాభం లేదు. కడిగినకొద్దీ తుప్పుకే మేలు.

అప్పుడు శస్త్రచికిత్స తప్పదు. మెడ భాగాన్ని వేడినీళ్లలో కాసేపు ఉంచితే వినైల్ మెత్తబడుతుంది. మొద్దు అంచున్న పలుచటి బద్దను అతుకులోకి పెట్టి చుట్టూ తిప్పుతూ పోతే పాత జిగురు టిక్కు టిక్కుమని వదులుతుంది. తొందరపడి లాగితే మెడ అంచు చిరుగుతుంది. ఆ చిరుగును ఏ జిగురూ దాచలేదు. తల వచ్చాక మొండెంలోకి వేలు పెట్టి తోకను లోపలికి లాగాలి. దాని మొదట్లో, ముడి వెనక, పొరలుగా రాలుతూ తుప్పు చక్రం కనిపిస్తుంది. అది తీసిపారేసి, తుప్పు తొలగించే ద్రవంలో తోకను నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టి, వాషరుకు బదులు ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి మళ్లీ బయటికి లాగితే సరి. తల పెట్టేటప్పుడు మళ్లీ వేడినీళ్లు. ఈసారి తలకు మాత్రమే. కవి ఇదంతా ఒక్క “కుండ”లో పెట్టి మూత వేశాడు.

“కొసలనుండి జుట్టు.” మొదళ్ల నుంచి దువ్వితే చిక్కులన్నీ కిందికి జారి ఒక్క ముడిగా బిగుసుకుంటాయి. కొసలు విప్పుకుంటూ పైకి పోవాలని తల్లులందరికీ తెలుసు. పోనీ విషయంలో ఎందుకో మరచిపోతారు. కండిషనర్ కొంచెం పట్టించి, లోహపు దువ్వెనతో తడి మీదే విప్పాలి. పోనీ జుట్టు ఎక్కువగా నైలాన్. వేడినీళ్లు పోసి దువ్వితే తిన్నబడుతుంది. స్ట్రాకు చుట్టి వేడినీళ్లు పోసి, చల్లారనిస్తే ఉంగరాలు తిరుగుతుంది. జుట్టు తిన్నగా చేసుకునే ఇస్త్రీ పరికరాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఆ వేడికి నైలాన్ గరుకుగా ముడుచుకుని ముద్దకడుతుంది. “కుదురుగా” అని కవి ఊరికే అనలేదు.

ఎవరో పాప కత్తెరతో చేసిన క్షవరానికి పద్యంలో ప్రాయశ్చిత్తం లేదు. తల విప్పి, పాత కుచ్చులు లాగేసి, ఒక్కో రంధ్రంలోకి కొత్త నైలాన్ కుచ్చు సూదితో ఎక్కించడమే మార్గం. ఒక తలకు సాయంత్రాలే ఖర్చవుతాయి. పొగచుట్ట వాసన కొట్టే బొమ్మకు మాత్రం సులువు: వంటసోడా వేసిన డబ్బాలో కొన్నాళ్లు పెట్టి మూత వేయడమే.

“ప్రాయమొదవు.” ఇది అతిశయోక్తి అలంకారమని గుర్తించకపోవడం వల్ల చాలామంది మోసపోతారు. కొన్ని బొమ్మలకు ఒంటిమీద గోధుమరంగు చుక్కలు లేస్తాయి. సేకర్తలు నిర్దాక్షిణ్యంగా దాన్ని ‘పోనీ క్యాన్సర్’ అంటారు. నమ్మకమైన మందు లేదు. మిగతావాటికి అంటుతుందేమోనన్న భయంతో ఆ బొమ్మను వేరే గదికి పంపేవారున్నారు. వాడిపోయిన జుట్టు రంగూ అంతే, వెనక్కి రాదు. ఇలా బాగుపడని గుర్రాలకు ‘బెయిట్’ అని పేరు పెట్టి, రంగులు పూసి కొత్త బొమ్మలు చేసుకునేవారికి తక్కువ ధరకు ఇచ్చేస్తారు. వాటికి అది సద్గతే.

కడిగిన గుర్రాన్ని దాచే విధానం మూలంలో లేకపోయినా చెప్పక తప్పదు. గట్టి పాలీస్టైరీన్ డబ్బాలో నేరుగా ఆనించి పెడితే వినైల్ నుంచి ఊరే ప్లాస్టిసైజర్ ఆ డబ్బానే మెత్తబరుస్తుంది. గుర్రమూ డబ్బా కలిసిపోతాయి. రంగు బొమ్మలను ఒకదానికొకటి ఆనించినా మరకలు అంటుకుంటాయి. రంగులేని నూలుగుడ్డ మధ్య, చల్లగా, ఎండ పడని చోట ఉంచాలి.

తాత్పర్యం: మురికి కడగండి, వయసును కడగవద్దు.

ఇక ఫలశ్రుతి స్థానంలో ఒక మనవి. ఆ బొమ్మను ఎప్పుడైనా అమ్మదలచుకుంటే, జుట్టు కొత్తగా కుట్టిందా, గుర్తు చేత్తో మళ్లీ దిద్దిందా, తల ఒకసారి విప్పిందా అన్నది కొనేవారికి ముందే రాసి ఇవ్వండి. కొందరికి బాగుచేసిన గుర్రమే కావాలి, కొందరికి పాప కత్తిరించిన జుట్టుతో ఉన్నదే కావాలి. ఏది కొంటున్నారో తెలుసుకునే హక్కు ఇద్దరికీ ఉంది.